కోతిని తలచుకోకుండా మందు తాగగలరా?

మందు తాగేటప్పుడు కోతిని మాత్రం తలచుకోవద్దని షరతు పెట్టిన వైద్యుడి కథ మన ఇళ్లలో పాతదే. ఆ రోగికి అంతకుముందు కోతి ఊసే లేదు. మందు నోటిదాకా తెచ్చేసరికి కోతి ప్రత్యక్షం!

ఈ కథకు 1987లో అమెరికాలో రుజువు దొరికింది. కాకపోతే అక్కడ కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ విద్యార్థులను కూర్చోబెట్టి, అయిదు నిమిషాలపాటు మనసుకు తోచిందల్లా పైకి చెప్పమన్నాడు. తెల్ల ఎలుగుబంటిని మాత్రం తలచుకోకూడదు, తలపుకొస్తే గంట కొట్టాలి. గంటలు మోగుతూనే ఉన్నాయి. తరవాత "ఇక తలచుకోండి" అన్నప్పుడు, మొదటినుంచీ అనుమతి ఉన్నవాళ్లకన్నా వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది. ఒక ఆలోచనను బయటే ఆపాలంటే, అది వచ్చిందో లేదో మనసు కాపలా కాస్తూ ఉండాలి. కాపలావాడికి దొంగ మొహం గుర్తుండాలి కదా!

ఎలుగుబంటి అయితే నవ్వేసి ఊరుకోవచ్చు. మేడమీద పిట్టగోడ పక్కన నిలబడితే "దూకేస్తే?" అని మెరిసే ఊహ, పూజ మధ్యలో నోటిదాకా వచ్చే బూతుమాట, కత్తిపీట ముందు కూర్చున్న బాలింతకు పసిబిడ్డ గురించి తోచే ఘోరం — వీటిని ఎవరితో చెప్పుకుంటారు? చెప్పుకోరు కాబట్టే ప్రతివాళ్లూ తమ ఒక్కరికే ఈ పాడుబుద్ధి అనుకుంటారు.

నిజానికి ఇవి రానివాళ్లే అరుదు. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే పరిశోధకులు మామూలు మనుషులను అడిగితే దాదాపు 80 శాతం మంది వస్తాయన్నారు. 2014లో వెలువడిన 13 దేశాల అధ్యయనంలో 777 మంది విద్యార్థులు పాల్గొంటే, గత మూడు నెలల్లో ఒక్కటైనా వచ్చిందన్నవాళ్లు 93.6 శాతం. కెనడాలో కొత్తగా తల్లులైనవారిని అడిగితే, బిడ్డకు తామే హాని చేస్తున్నట్టు అక్కర్లేని ఆలోచనలు వచ్చాయని దాదాపు సగం మంది ఒప్పుకున్నారు. అవి వాళ్ల కోరికలు కావు. బిడ్డమీద ప్రాణం పెట్టుకున్నందుకే అంత భయం.

మరి కొందరినే ఎందుకు పీడిస్తాయి? ఆలోచనకు అంటగట్టే అర్థం వల్ల. చెడు పలికితే తథాస్తు దేవతలు వింటారని పెద్దలు అంటారు. ఆ భయం మాట దాటి తలపుదాకా పాకితే, అనుకోవడమే పాపం, అనుకుంటే జరిగిపోతుంది అనిపిస్తుంది. పరిశోధకులు దీనికి ఆలోచన-చర్యల కలయిక అని పేరు పెట్టారు. అప్పుడు ఆ తల్లి కత్తిపీటను అటకమీద దాచేస్తుంది. ఆ క్షణానికి ఊరట. కానీ దాచిన ప్రతిసారీ మెదడు నేర్చుకునే పాఠం ఒక్కటే: ప్రమాదం నిజమే, దాచబట్టి గట్టెక్కాం.

కాబట్టి చికిత్స ఎదురుదారిలో నడుస్తుంది. లండన్‌లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ 1966లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ ఓసీడీ (ఇలాంటి ఆలోచనలూ, ఊరట కోసం చేసే పనులూ వదలకుండా పీడించే జబ్బు) చికిత్సకు పునాది: భయపడే పరిస్థితిలో ఉండాలి, ఊరట కోసం చేసే పనిని మాత్రం ఆపాలి. జబ్బుదాకా రానివాళ్లకు ఇంట్లో సరిపడే సూత్రమూ అదే. "ఇదొక ఆలోచన, వచ్చింది" అనుకుని, వాదించకుండా, తరుగుతున్న వంకాయలు తరుగుతూనే ఉండటం. "నేను అలా చెయ్యను కదా?" అని భర్తను పదేపదే అడగడం కూడా కత్తిపీట దాచడం లాంటిదే.

అయితే ఆలోచన భయపెట్టకుండా ఊరిస్తున్నా, చచ్చిపోవాలనే తలపు పథకంగా మారుతున్నా, రోజులో గంటలకొద్దీ దానికే పోతున్నా సొంత వైద్యం పనికిరాదు. మానసిక వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.