ఆ వేసవి టమోటాలు

మా మదనపల్లె వైపు టమోటా పంటకు రెండే బతుకులు. ధర వుంటే రైతు యింట్లో పండగ, ధర లేకపోతే రోడ్డు మీద పారబోత. చిన్నప్పుడు సంత దారిలో నలిగిపోయిన ఎర్రటి గుట్టల్ని తప్పుకుంటూ బడికి నడిచినవాణ్ణి నేను. జన్మలో టమోటా మొక్క ముట్టుకోకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను. అటువంటివాణ్ణి అమెరికా వచ్చి, న్యూజెర్సీలో యింటి వెనక పద్నాలుగు టమోటా మొక్కలకు చాకిరీ చేస్తున్నానంటే మా అన్న యిప్పటికీ నవ్వుతాడు.

2023 వేసవి సంగతి చెబుతాను. ఆ ఏడు మా అమ్మాయి హైస్కూలు చదువు ముగిసింది. ఆగస్టు ఆఖరుకు ఆరు గంటల ప్రయాణం దూరాన వున్న కాలేజీకి వెళ్ళిపోతుంది. ఇది యింటిపట్టున వుండే ఆఖరి వేసవి, వేరే పనులు తగ్గించుకొని దానితోనే గడపాలని ఉగాదినాడే మా ఆవిడా నేనూ అనుకున్నాం. ఆ రోజే కిటికీ పక్కన చిన్న చిన్న కుండీల్లో టమోటా విత్తనాలు కూడా పెట్టాను.

ఇక్కడ మార్చిలో విత్తితే యింట్లోనే నారు పెంచుకోవాలి. మే నడిమికిగాని మంచు భయం తీరదు. అప్పుడయినా ఒక్కసారిగా బయట నాటకూడదు. వారం రోజులు పూటకింత చొప్పున ఎండకూ గాలికీ అలవాటు చెయ్యాలి. నాటేటప్పుడు కాండం సగం దాకా మట్టిలో పూడ్చాలి. పూడ్చినంత మేరా వేళ్ళు వస్తాయి.

నా మొక్కల్లో సగం రట్గర్స్ రకం. క్యాంప్‌బెల్ సూప్ కంపెనీవారి జె. టి. డి. అనే రకాన్ని మార్‌గ్లోబ్ అనే రకంతో కలిపితే వచ్చిన సంతతి నుంచి, రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని షెర్మర్‌హార్న్ అనే శాస్త్రజ్ఞుడు ఏరి, తీర్చి, 1934లో బయటపెట్టాడు. పులుపూ తీపీ సమపాళ్ళలో వుంటాయి. పప్పులోకి బాగుంటుంది, ఊరగాయకు యింకా బాగుంటుంది. ఈ రకం సంగతి నాకు చెప్పినవాడు మా పక్కింటి పెద్దాయన. ఆయన తాతలు ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు. టమోటా విషయంలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పను.

ఇంతవరకూ అంతా సవ్యంగానే వున్నది. చిక్కల్లా అమెరికా తెలుగువాళ్ళ వేసవితో వచ్చింది. చలికాలమంతా తలుపులు బిగించుకు కూర్చుంటాం గనక గృహప్రవేశాలూ, సత్యనారాయణ వ్రతాలూ, పుట్టినరోజులూ, వనభోజనాలూ అన్నీ ఈ మూడు నెలల్లోనే. మే ఆఖరు నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం దాకా ఆ ఏడు పదిహేను శని ఆదివారాలు. మా ఆవిడ క్యాలెండరు తీసి చూస్తే జూన్ మొదటికే పదకొండు నిండిపోయి వున్నవి. కాదంటే వాళ్ళకు కోపం, అవునంటే మనకు తీరిక లేదు. నాకేమో ఎవరు పిలిచినా "అట్లాగే" అనే జబ్బు ఒకటి.

జూలై 7, 8, 9 తేదీల్లో తానా మహాసభలు ఫిలడెల్ఫియాలో జరిగాయి. నేను భోజనాల దగ్గర సాయం చేస్తానని మాట యిచ్చాను. మా ఆవిడ కూడా వచ్చింది. అమ్మాయి రానన్నది. ఆ వేసవికి ఈతకొలను దగ్గర చిన్న ఉద్యోగం చేస్తున్నది. మూడు రోజులూ వేల మంది తెలుగువాళ్ళ మధ్య నాకు వొళ్ళు తెలియలేదు.

ఆదివారం రాత్రి యిల్లు చేరాం. తెల్లవారి చూస్తే మొక్కలన్నీ తల వేలాడేసి వున్నవి. కంగారుపడి గొట్టం పెట్టి మడి నిండా నీళ్ళు వదిలాను. సాయంత్రానికి లేచి నిలబడ్డాయి. గండం గడిచిందనుకున్నాను. మరో వారం పది రోజులకు కాయల అడుగున నల్లటి మచ్చలు కనిపించాయి. ఇరవై కాయలకు పైగా అడుగు కుళ్ళి రాలిపోయాయి.

పక్కింటి పెద్దాయన కాయను తిప్పి చూశాడు. "ఇది తెగులు కాదు. కాయకు సున్నం కావాలి, అది నీళ్ళతోనే లోపలికి పోతుంది. ఒకనాడు కరువు, ఒకనాడు వరద అయితే చివర దాకా అందదు. దీనికి మందు లేదు. రోజూ ఒకే తీరున నీళ్ళు పొయ్యాలి" అన్నాడు.

అమ్మాయి వెనకాలే నిలబడి వింటున్నది. "నేను మూడు రోజులూ యింట్లోనే వున్నాను గదా నాన్నా! ఒక్క ఫోను చేస్తే నేనే పోసేదాన్ని. నువ్వు చెయ్యలేదు" అన్నది.

దాని గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. మూడు రోజుల్లో నేను మొక్కల సంగతే కాదు, దాని సంగతి కూడా అడగలేదని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి క్యాలెండరు ముందు కూర్చొని అయిదు పిలుపులకు ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఇద్దరికి కోపం వచ్చింది. తరువాత తగ్గింది. మర్నాటి నుంచి పొద్దున్నే ఆరున్నరకు అమ్మాయీ నేనూ కలిసి నీళ్ళు పోసేవాళ్ళం. మొక్కల మొదట గడ్డి పరిచాం. ఆకు రంగులోనే దాక్కునే లావుపాటి పచ్చ పురుగుల్ని పట్టడంలో అది నాకంటే దిట్ట. కాలేజీలో తోడుండే పిల్ల ఎట్లాంటిదో, చదువు కుదరకపోతే ఎట్లాగో, అన్నీ ఆ నీళ్ళ గొట్టం దగ్గరే చెప్పింది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పేది కాదేమో.

జూలై ఆఖరున అన్న ఫోను చేశాడు. మదనపల్లె మార్కెట్టులో కిలో రెండు వందల దాకా పోయిందట. నా కాయలు కుళ్ళిన కథ చెప్పాను. "మూడు కిలోలన్నా వుంటాయి. ఆరు వందలు మట్టిలో కలిపావు గదరా!" అని పకపకా నవ్వాడు.

ఆగస్టు నడిమికి కాయలు విరగబండాయి. ఒక ఆదివారం ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డులో స్వాతంత్ర్య దినోత్సవపు ఊరేగింపు. ఏటా వెళ్ళేవాళ్ళం, ఆ ఏడు వెళ్ళలేదు. ముగ్గురమూ కూర్చొని మా అమ్మ పెట్టే నిలవ ఊరగాయ మొదలుపెట్టాం. ముక్కలు తరిగి ఉప్పూ పసుపూ వేసి రెండు రోజులు ఊరబెట్టి, పిండి, ముక్కల్ని ఎండబెట్టాలి. ఊరిన రసంలో చింతపండు నానవెయ్యాలి. ఇక్కడ సాయంత్రమయితే ఉరుముల వాన. మా అమ్మాయి పళ్ళేలు తీసుకుపోయి ఎండలో నిలిపిన పాత కారులో అద్దం కింద పెట్టింది. మేడ మీది కంటే బాగా ఎండాయి. కారు మాత్రం నెల రోజులు ఊరగాయ వాసన కొట్టింది. ఎండిన ముక్కలూ చింతపండూ కలిపి రుబ్బి, కారం, మెంతిపిండి కలిపి, నువ్వులనూనెలో ఆవాలూ వెల్లుల్లీ ఇంగువా తాలింపు పెట్టాం. ఈసారి రుబ్బినది అమ్మాయే.

వెళ్ళేరోజు రెండు సీసాలు సర్దుకున్నది. కారు ఎక్కబోతూ, "నీళ్ళు మరచిపోకు నాన్నా" అన్నది. దేనికి నీళ్ళో చెప్పలేదు.

అప్పటి నుంచి పొద్దున్నే ఆరున్నరకు గొట్టం పట్టుకొని దానికి ఫోను చెయ్యడం అలవాటయింది. కొన్నాళ్ళు రెండు నిమిషాలు, కొన్నాళ్ళు ఇరవై. అక్టోబరులో మంచు పడేముందు మిగిలిన పచ్చికాయలన్నీ కోసి పచ్చడి చేశాం. మొక్కలు పీకేశాను. ఫోను మాత్రం మానలేదు.

నవంబరు సెలవులకు వచ్చినప్పుడు అది సంచీలోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. రెండూ ఖాళీవి, శుభ్రంగా కడిగినవి.

"వచ్చే ఏడు ఇరవై మొక్కలు పెట్టు నాన్నా, తోడుండే పిల్లకు కూడా కావాలట" అన్నది.