ఐరోపావారి వెన్నకొండ

మేము గ్రామములకు పోయినప్పుడెల్ల రైతు సోదరులు మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు: “సర్కారువారే మంచి ధర కట్టి, పండినదంతయు కొన్నచో మాకీ బాధ యుండదు గదా?” ఐరోపావారు ఈ పనిని నిజముగనే చేసి చూచిరి. వారి యనుభవము మన మెరుగదగినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ ఖండము తిండికి కటకటపడెను. ఆ భయము మరువక, 1957లో రోమునగరమున ఒడంబడిక చేసికొన్న ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ మొదలగు ఆరు దేశములు 1962లో ఉమ్మడి వ్యవసాయ విధానమును నెలకొల్పినవి. బజారు ధర ఒక మట్టమునకు దిగినచో ధాన్యమును, వెన్నను, పాలపొడిని అధికారులే కొని గిడ్డంగులలో నుంచెడివారు. ధరకు హామీ కలదు. సరకునకు హద్దు లేదు. 1980 దాటునప్పటికి నిలువ పేరుకొనిపోగా జనులు దానిని “వెన్నకొండ” యని పరిహసించిరి. ఉమ్మడి బొక్కసములో ఇంచుమించు మూడింట రెండువంతులు వ్యవసాయమునకే వ్యయమగుచుండెను.

ఆ మిగులులో కొంత మన దేశమునకును దానముగా వచ్చెను. 1970లో ఆరంభమైన ఆపరేషన్ ఫ్లడ్ పథకమువారు ఆ పాలపొడిని, వెన్ననూనెను ఉచితముగా పంచలేదు. నగరములలోని డెయిరీలద్వారా అమ్మించి, ఆ సొమ్ముతో పాల సహకార సంఘములను పెంచిరి. ఊరక పంచియుండినచో మన పాడిరైతు నోట మన్ను పడెడిదే.

ఐరోపాలో 1984లో పాలకు కోటా విధించిరి. అది 2015 వరకు నడచెను. 1992లో హామీ ధరలను తగ్గించి, సాగుభూమిని, పశువులను బట్టి రైతునకు నేరుగా సొమ్మిచ్చు పద్ధతి పెట్టిరి. కొండ కరగెను గాని వేరొక చిక్కు పుట్టెను. భూమి యెక్కువగలవానికే సొమ్ము నెక్కువ. ఇంచుమించు ఐదింట నాలుగువంతుల సొమ్ము ఐదవవంతు మందికే చేరుచున్నది. 2005కును 2020కును నడుమ ఐరోపా సమాఖ్యలో 50 లక్షలకు పైగా కమతములు తగ్గినవి; వానిలో అధికభాగము చిన్నవే. 2024 ఆరంభమున బెర్లిను, ప్యారిసు, బ్రస్సెల్సు నగరముల వీధులలో రైతులు ట్రాక్టర్లు నిలిపి మొరపెట్టిరి.

హామీ ధర కూడదని మేము చెప్పుటలేదు. అది లేనిచో చిన్నరైతు వర్తకుని దయకు విడువబడును. కాని ధర యెంత యని మాత్రమే యడిగిన చాలదు. ఎంత సరకునకు, ఎవరికి, ఎవరి సొమ్ముతో ననునవియు నడుగవలెను. మన సంఘ మహాసభలో కొనుగోలు ధర చర్చకు వచ్చునాడు సభ్యులు ఈ మూడు ప్రశ్నలను మరువకుందురు గాక.