చీర బొమ్మ నిజము చెప్పవలెనన్న — జేబు కెమేరాలు, ఫోను లెన్సులు

ఆ మధ్య మన సంఘ సభ్యులలో ఒక కుటుంబమువారు మా కార్యాలయమునకు వచ్చి ఒక పట్టుచీరను బల్లమీద పరచిరి. నెమలికంఠపు రంగు. పడుగు నీలము, పేక ఆకుపచ్చ. ఇంటిల్లిపాదియు ఇరువది దినములు మగ్గము చుట్టూ తిరిగి నేసిన సరకు. దూరపు పట్టణమునందలి ఒక ఇల్లాలు ఫోనులో దాని బొమ్మ చూచి, సొమ్ము పంపి తెప్పించుకొని, మూడవనాడే తిప్పి పంపినది. "మీరు చూపినది నీలిచీర, నాకు వచ్చినది పచ్చచీర" అని ఆమె ఫిర్యాదు. చీర ఒక్కటే. బొమ్మలో పేక రంగు పడలేదు, అంతే.

ఆ ఇంటి పెద్ద కుమారుడు, "లక్షన్నర పెట్టి మంచి కెమేరా కొందుమా?" అని మమ్ము అడిగినాడు. తండ్రి, "ఆ సొమ్ముతో పట్టూ జరీ వచ్చును గదా నాయనా" అన్నాడు. ఇద్దరి మాటయందును న్యాయమున్నది. ఇట్టి ప్రశ్న నేడు మన ఇండ్లలో చాలచోట్ల పుట్టుచున్నది. సోలాపురములోనున్నవారికైనను, బరంపురములోనున్నవారికైనను, యానాములోనున్నవారికైనను కొనువారు మన భాషవారే కానక్కరలేదు. మన మాట పోలేని చోటికి బొమ్మ పోవును. కావున ఆ బొమ్మను తీయు సాధనములనుగూర్చి మాకు తెలిసినంత యిందు వివరించుచున్నాము.

సెన్సారు అను పలక

కెమేరాలో లెన్సు వెనుక సెన్సారు అను చిన్న పలక యుండును. వెలుగును పట్టునది అదే. ఆ పలకమీద నిలువుగను అడ్డముగను వరుసలు తీరిన చుక్కలు లక్షలకొలది యుండును. పడుగు పేకలు కలిసినచోట గడి ఏర్పడినట్లే యిదియు. మెగాపిక్సెలు అనగా పదిలక్షల చుక్కలు.

అయితే చుక్కల లెక్క చూచి మోసపోరాదు. చిన్న పలకమీద ఎక్కువ చుక్కలు ఇరికించిన, ఒక్కొక్క చుక్కకు అందు వెలుగు తగ్గును. వెలుగు చాలనప్పుడు బొమ్మలో గరుకు పుట్టును. ఆ గరుకును చెరిపివేయుటకు ఫోను తానే నునుపు పూయును. ఆ నునుపులో మన నేత పోగులు కూడ కలిసిపోవును. సన్నని నూలుచీర ప్లాస్టికు కాగితమువలె కనబడుటకు కారణమిదే.

పలక కొలతలు చెప్పు తీరు విచిత్రముగా నుండును. "1/2.3 అంగుళము", "1 అంగుళము" అని వ్రాయుదురు. ఒక అంగుళపు పలక నిజముగా అంగుళముండదు. దాని కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు మాత్రమే. పాత టెలివిజను కెమేరాల గొట్టముల కొలతనుండి వచ్చిన పేరిది. దీనిని నూలు నంబరువలె గ్రహింపవచ్చును. నంబరు పెరిగిన పోగు సన్నబడునట్లు, గీత క్రింది అంకె పెరిగిన కొలది పలక చిన్నదగును. 1/2.3 అంగుళపు పలకకంటె ఒక అంగుళపు పలక వైశాల్యమున సుమారు నాలుగు రెట్లు. ఎ.పి.ఎస్‌.-సి. అను రకపు పలక ఆ ఒక అంగుళపు పలకకు మరల మూడు రెట్లు.

జేబులో పట్టు మేలురకములు

పెద్ద పలకను చిన్న పెట్టెలో అమర్చుటయే యీ మేలురకపు జేబు కెమేరాల విశేషము. 2012లో సోనీవారు ఆర్‌.ఎక్స్‌. 100 అను కెమేరాను విడుదల చేసిరి. ఒక అంగుళపు పలక, 2 కోట్ల 2 లక్షల చుక్కలు, బ్యాటరీతో కలిపి బరువు 240 గ్రాములు. జేబు కెమేరాలలో క్రొత్త దారి తీసినది అదియే. ఆ వరుసలో తరువాత అనేక రకములు వచ్చినవి.

2019లో రికోవారి జి.ఆర్‌. 3 వచ్చినది. ఇంకను పెద్దదైన ఎ.పి.ఎస్‌.-సి. పలకను 257 గ్రాముల పెట్టెలో ఇమిడ్చినారు. 2024 ఫిబ్రవరిలో ఫ్యూజీఫిల్మువారు ఎక్స్‌ 100 సిక్స్‌ అను కెమేరాను ప్రకటించిరి. దానికి 4 కోట్ల చుక్కలు, బరువు 521 గ్రాములు, అమెరికాలో ప్రకటించిన ధర 1,599 డాలర్లు. మన ఇంటి కుర్రవాడు తలచుకొన్న లక్షన్నర యిట్టి దానికే. ఈ రెంటిలోను లెన్సు మార్చుటకు వీలులేదు. దగ్గరకు లాగు జూమును లేదు. ఇవి ముఖ్యముగా వీథులలోను ప్రయాణములలోను బొమ్మలు తీయువారిని ఉద్దేశించి చేసినవి. చీరలకు పనికిరావని కాదు, చీరలకొరకే పుట్టినవి కావని మా భావము.

ఫోనుకు తగిలించునవి

ఇందు రెండు జాతులున్నవి. మొదటిది వట్టి అద్దము. ఫోను లెన్సు ముందు క్లిప్పుతోనో తొడుగుతోనో తగిలించుట. 2011లో ఐఫోనుకొరకు వచ్చిన ఓలోక్లిప్పు యీ తీరును జనములోనికి తెచ్చినది. వెడల్పుగా చూపునవి, దూరమును దగ్గర చేయునవి, అతి దగ్గరి వస్తువును పెద్దదిగా చూపు మాక్రో లెన్సులు — యిట్లు పలువిధములు. పలక మాత్రము ఫోనుదే గనుక వెలుగు తక్కువైనచోట యివి సహాయపడవు. నాసిరకపు అద్దమైనచో అంచులు మసకబారి, రంగుల గీతలు పడును. 2025 ఏప్రిలులో చైనాయందు విడుదలైన వివో ఎక్స్‌ 200 అల్ట్రాకు జైస్‌ పేరుతో 2.35 రెట్లు దగ్గర చేయు దూరదర్శక లెన్సును ప్రత్యేకముగా అమ్మిరి. ఆటగాండ్రను, పక్షులను తీయువారికి అది వరము. మూడు గజముల దూరములోనున్న చీరకు దానితో పనిలేదు.

రెండవ జాతి పలకతో సహా వచ్చునది. అనగా కెమేరా సగము వేరుగా నుండి, ఫోను దానికి అద్దముగా మాత్రమే పనిచేయును. 2013 సెప్టెంబరులో సోనీవారు క్యు.ఎక్స్‌. 10, క్యు.ఎక్స్‌. 100 అను రెంటిని చూపిరి. చూచుటకు వట్టి లెన్సువలె గుండ్రముగా నుండి, వైఫై ద్వారా ఫోనుతో మాట్లాడునవి. క్యు.ఎక్స్‌. 100లో ఒక అంగుళపు పలకయే యుండెను. 2015లో డి.ఎక్స్‌.ఓ. వన్‌ అను చిన్న కెమేరా ఐఫోను రంధ్రములోనే గుచ్చుకొనునట్లు వచ్చినది. రెండును మంచి పనితనము గలవే. కాని నేడు రెండును తయారులో లేవు. 2023లో ఆపిల్‌వారు తమ క్రొత్త ఐఫోనుకు ఆ రంధ్రమునే మార్చివేసిరి, డి.ఎక్స్‌.ఓ. వన్‌ వానికి నేరుగా గుచ్చుకొనదు. 2025లో షావోమీవారు బార్సిలోనా ప్రదర్శనమున అయస్కాంతముతో అంటుకొను లెన్సు-కెమేరాను నమూనాగా చూపిరి. ఆలోచన మరల తల ఎత్తుచున్నదన్నమాట.

ఇందు మనము నేర్వవలసిన సంగతి మగ్గముకాడ తెలిసినదే. ఒక్క మగ్గమునకే సరిపోవు జాకార్డు పెట్టె కొన్నచో, ఆ మగ్గము మారిననాడు పెట్టె మూలబడును. ఫోను మూడు నాలుగేండ్లకు మారును. దానికి మాత్రమే అతుకు పరికరమునకు పెద్ద సొమ్ము పెట్టరాదు.

బట్టమీద లేని అలలు

సన్నని గళ్లచీరనో, పలుచని నేతనో బొమ్మ తీసినప్పుడు బట్టలో లేని అలలు, ఇంద్రధనుస్సు చారలు కనబడుట మీరు చూచియుందురు. దీనిని మోరే అందురు. పలుచని తెరబట్టలు రెండు ఒకదానిపై నొకటి వేసి వెలుగుకెత్తి కొంచెము కదపుడు. నీటి అలలవంటివి తేలును. బొమ్మలో జరుగునదియు అదే. ఒక తెర మన బట్ట, రెండవ తెర కెమేరా పలకమీది చుక్కల వరుస. ఖరీదైన కెమేరాలోను యీ దోషము రావచ్చును. జి.ఆర్‌. 3లో పలకను మిక్కిలి సూక్ష్మముగా కదిపి దీనిని తగ్గించు ఏర్పాటున్నది. ఏర్పాటు లేనివారు రెండడుగులు ముందుకో వెనుకకో జరిగినను, ఫోనును కొంచెము ఏటవాలుగా పట్టినను చాలును. అలలు పోవును.

రంగు సంగతి

ఇప్పుడు నెమలికంఠపు చీరవద్దకు వత్తము. దానికి మూడు కారణములు తోచుచున్నవి.

మొదటిది, ఆ బొమ్మను రాత్రి ట్యూబులైటు క్రింద తీసిరి. ఒక్కొక్క దీపము ఒక్కొక్క రంగు వైపు మొగ్గును. కిటికీ వెలుగును దీపపు వెలుగును కలిసినచో చీర సగమొక రంగు, సగమింకొక రంగు.

రెండవది, కెమేరా తెలుపును తానే ఊహించుకొనును. బొమ్మనిండ ఒక్క ఎఱ్ఱచీరయే యున్నచో, ఎఱుపు ఎక్కువైనదని భ్రమపడి దానిని తగ్గించును. ప్రక్కన ఫోటోగ్రాఫర్లు వాడు బూడిదరంగు అట్టను ఉంచినచో రంగు సరిచూచుకొనుటకు ఆధారము దొరకును. మెరుపు వేసిన క్రొత్త మిల్లుగుడ్డ దీనికి పనికిరాదు. అది నీలిగా వెలుగును.

మూడవది ముఖ్యము. పడుగొక రంగు, పేకొక రంగు అయిన చీర చూచు కోణమునుబట్టి మారును. ఒక్క బొమ్మలో ఒక్క ముఖమే కనబడును. దీనికి లక్షన్నర కెమేరాయు మందు కాదు. మడతను మెల్లగా కదపుచు పది సెకండ్ల వీడియో తీసి పంపవలెను. కొనువారికి రెండు రంగులును తెలియును. నెమలికంఠమువంటి గాఢమైన పచ్చనీలపు రంగులను పూర్తిగా చూపుట చాల ఫోను తెరలకు చేతకాదు. కావున "పడుగు నీలము, పేక పచ్చ" అని మాటలలో వ్రాయుడు. వెల ఎక్కువైన సరకైనచో మిగిలిన పోగుముక్కను కవరులో ముందుగా పంపుడు.

ఏది ముందు, ఏది తరువాత

ఖర్చు లేనివి ముందు. ఉత్తరపు కిటికీ ప్రక్కననో, ఎండ నేరుగా పడని వసారాలోనో పగటిపూట తీయుడు. దీపము ఆర్పుడు. ఫోను లెన్సు గుడ్డతో తుడువుడు. మగ్గపు గదిలో దుమ్ము, చేతి జిడ్డు దానిమీద చేరియుండును. మీదికి వంగి తీసిన అంచులు వంకరగా పడును గనుక వెనుకకు జరిగి రెండింతల జూముతో తీయుడు. వెలుగు ప్రక్కనుండి వచ్చిననే జరీ మెరయును, బుటా ఉబ్బు తెలియును. వాట్సాపులో బొమ్మగా పంపిన దాని పరిమాణము తగ్గును; డాక్యుమెంటుగా పంపిన తగ్గదు.

తరువాత, చౌకలో దొరకు మాక్రో క్లిప్పు ఒకటి. అంగుళములో పోగులు లెక్కించు అద్దముతో మనము చూచునది కొనువారికి చూపగల సాధనమిది. చీర వెనుకవైపున బుటా పోగులెట్లున్నవో, అంచు ఎట్లు అతికినదో దగ్గరగా చూపిన, మరమగ్గపు నకలుకును మన చీరకును తేడా వారే గ్రహింతురు. ప్రక్కన 2006 నుండి యిచ్చుచున్న హ్యాండ్లూము మార్కు చీటీ యుండిన మరియు మేలు.

పిదప, నెలకు అనేక చీరలు బొమ్మలద్వారా అమ్ముడగుచున్న యిల్లైనచో, ఒక అంగుళపు పలక, జూము గల వాడిన కెమేరాను పరీక్షించి కొనవచ్చును. అంతకు మించినది ఒక్కొక్క ఇంటికి వలదు. పది మగ్గములవారు కలిసి కొని, ఒక గదిలో నిలిపి, వంతులవారీగా వాడుకొనుట మంచిది. ఆసు పోయుటకు ఒకరికొకరు సాయపడు మనకు యిది క్రొత్త కాదు.

మరియొక హెచ్చరిక. బొమ్మ ఎంత స్పష్టమైన, నకలు తీయువానికి అంత సులువు. క్రొత్త డిజైనును మన దేశములో 2000వ సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద నమోదు చేయించుకొనవచ్చును. తొలుత పదేండ్లు, పిదప మరి అయిదేండ్లు రక్షణ యుండును. కాని నమోదునకు దరఖాస్తు పెట్టుటకు ముందే ఆ డిజైను బయటపడినచో ఆ హక్కు చెడును. కావున నమోదు తలచినవారు ముందు దరఖాస్తు పెట్టి, పిదప బొమ్మ పెట్టవలెను.

ఆ కుటుంబమువారు కెమేరా కొనలేదు. అదే పాత ఫోనుతో, మా వసారాలో, ఉదయపు వెలుగున నాలుగు బొమ్మలును ఒక చిన్న వీడియోయు తీసిరి. పడుగు పేకల రంగులు వ్రాసిరి. చీర తొలి ధరకే అమ్ముడుపోయినది, తిరిగి రాలేదు. మొదటిసారి రానుపోను పంపకపు ఖర్చు మాత్రము ఇంటిమీదనే పడినది. ఇట్టి నష్టము మరియొక ఇంటికి రాకుండ యీ నాలుగు మాటలు ఉపకరించినచో మా శ్రమ ఫలించినట్లే. కెమేరా కొని వాడుచున్న సభ్యులు తమ అనుభవములను మాకు వ్రాసి పంపిన, తప్పక ప్రకటింతుము.