సాఫ్ట్‌వేర్ విడుదలకూ ఒక పద్దు కావాలి

సాఫ్ట్‌వేరును రాయడం ఒక ఎత్తు, రాసిన దానిని ప్రజల వాడుకలోకి విడుదల చేయడం మరొక ఎత్తు. బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, ఆదాయపు పన్ను రిటర్ను, చివరకు కూరగాయల దుకాణంలో చెల్లింపు సైతం కంప్యూటర్ల మీద ఆధారపడిన ఈ రోజులలో, విడుదల వేళ దొర్లే చిన్న పొరపాటు లక్షలాది మందిని ఇక్కట్ల పాలు చేయగలదు. అయినప్పటికీ అనేక సంస్థలలో ప్రతి చిన్న పనికీ చిట్టాలో పద్దు ఉంటున్నది గాని, విడుదలకు మాత్రం ఉండడం లేదు.

దేశంలోని సాఫ్ట్‌వేర్ సంస్థలు నేడు విస్తారంగా అనుసరిస్తున్న పని విధానానికి ‘ఎజైల్’ అని పేరు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో సమావేశమైన 17 మంది నిపుణులు దీని మూలసూత్రాలను రూపొందించారు. ఏళ్ల తరబడి శ్రమించి అంతా ఒకేసారి అప్పగించడానికి బదులు, కొద్ది వారాలకో, నెలలకో ఒకసారి పనిచేసే సాఫ్ట్‌వేరును అందించాలన్నది వాటి సారాంశం. ఈ పద్ధతిని పాటించే బృందాలు పనిని ‘స్ప్రింట్’ అనే చిన్న గడువులుగా విభజించుకుంటాయి. చాలాచోట్ల ఈ గడువు రెండు వారాలు. అందులో చేయవలసిన ప్రతి పనికీ కంప్యూటరు చిట్టాలో ఒక పద్దు తెరుస్తారు. దీనినే ‘టికెట్’ అంటారు. పని వివరం, బాధ్యుని పేరు, పని ఎంతవరకు వచ్చిందన్న సంగతి అందులో నమోదవుతాయి.

అసలు చిక్కు

కొత్త సదుపాయానికి ఒక పద్దు, లోపం సవరణకు మరొక పద్దు ఉంటాయి. విడుదల మాత్రం తరచు ఆ పద్దులకు తగిలించిన వెర్షన్ సంఖ్యగానే మిగిలిపోతుంది. పద్దులన్నీ ‘పూర్తయినవి’ అన్న గడిలోకి చేరగానే విడుదల సైతం పూర్తయినట్లే భావించడం పరిపాటి. నిజానికి మరొక పని అప్పుడే మొదలవుతుంది. ఏ మార్పులు ఇందులో చేరాయి? పరీక్షలు ఎవరు జరిపారు? ఎన్ని సర్వర్లకు పంపాలి? ఎవరి అనుమతి కావాలి? బెడిసికొడితే పాత వెర్షన్‌కు ఎలా మరలాలి? విడివిడి పద్దులలో వీటికి సమాధానం దొరకదు.

ఇందుకు అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఉదంతమే తార్కాణం. ఆ సంస్థ 2012లో కొత్త సాఫ్ట్‌వేరును 8 సర్వర్లలో అమర్చవలసి ఉండగా, సాంకేతిక సిబ్బంది 7 సర్వర్లలోనే అమర్చారు. ఎనిమిదవ దానిలో ఏళ్ల క్రితమే వాడుక మానివేసిన పాత ప్రోగ్రాము ఉండిపోయింది. ఆగస్టు 1న మార్కెట్ తెరుచుకోగానే అది మేల్కొని ఎడతెరిపి లేకుండా షేర్ల ఆర్డర్లను పంపింది. సుమారు 45 నిమిషాలలో సంస్థ 46 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. అమర్చిన పనిని రెండవ వ్యక్తి సరిచూడాలన్న లిఖిత నిబంధన ఏదీ ఆ సంస్థలో లేదని అమెరికా సెక్యూరిటీల కమిషన్ విచారణలో తేలింది.

78 నిమిషాలు

మన దేశానికి ఇంకా దగ్గరి అనుభవం 2024 జూలై 19 నాటిది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ ఆ ఉదయం పంపిన ఒక తాజాకరణ ఫైలు, ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేసినట్లు మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇవ్వవలసి వచ్చింది. ఫైలును 78 నిమిషాలలోనే ఉపసంహరించినా, అప్పటికే ఆగిపోయిన యంత్రాలను సిబ్బంది అనేకచోట్ల ఒక్కొక్కటిగా బాగుచేయవలసి వచ్చింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. ఆ సంస్థ తన ప్రధాన సాఫ్ట్‌వేరును దశలవారీగానే విడుదల చేసేది. తరచుగా పంపే ఈ చిన్న ఫైళ్లను మాత్రం అందరికీ ఒకేసారి పంపేది. అనంతరం వీటిని సైతం దశలవారీగా పంపుతామని ప్రకటించింది. చిన్నదని తలచి విడుదలగా పరిగణించనిదే పెనుముప్పును తెచ్చిపెట్టింది.

రిజర్వు బ్యాంకు పట్టు

ఆర్థిక రంగంలో ఇది సంస్థల ఇష్టానికి వదిలివేసిన విషయం కాదు. ఐటీ పాలనపై రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో జారీ చేసిన ఆదేశాలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. మార్పుల నిర్వహణకు లిఖిత విధానం, తగిన అనుమతులు, విఫలమైతే కోలుకునే ఏర్పాటు ఉండాలని అవి నిర్దేశించాయి. అదే నెల 24న కోటక్ మహీంద్రా బ్యాంకు ఆన్‌లైన్ ద్వారా కొత్త ఖాతాదారులను చేర్చుకోరాదని, కొత్త క్రెడిట్ కార్డులు జారీ చేయరాదని రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించింది. ఇందుకు చూపిన ఐటీ లోపాలలో మార్పుల నిర్వహణ ఒకటి. ఆంక్షలు 2025 ఫిబ్రవరిలో తొలగిపోయాయి.

పద్దులో ఏముండాలి?

విడుదలను సైతం ఒక పనిగా గుర్తించి, దానికి ప్రత్యేకంగా పద్దు తెరవడం కష్టమైన సంస్కరణ కాదు. అందులో చేరిన మార్పుల పద్దులన్నిటినీ దానికి జతచేయాలి. ఒక బాధ్యుని నియమించాలి. పరీక్షల ఫలితం, అనుమతి, పంపవలసిన సర్వర్ల జాబితా, సరిచూసిన రెండవ వ్యక్తి పేరు, వెనుకకు మరలే మార్గం నమోదు కావాలి. ప్రోగ్రాము రాయడం ముగిసినప్పుడు కాక, వినియోగదారుల వద్ద సక్రమంగా పనిచేస్తున్నదని తేలినప్పుడే ఆ పద్దును మూసివేయాలి.

ఇది కాగితాల భారాన్ని పెంచుతుందన్న ఆక్షేపణ లేకపోలేదు. సమగ్రమైన పత్రాలకంటె పనిచేసే సాఫ్ట్‌వేరే ముఖ్యమని ఎజైల్ సూత్రాలే చెబుతున్నాయి. రోజుకు పలుమార్లు విడుదల చేసే బృందాలు ప్రతిసారీ చేతితో వివరాలు నింపడం సాధ్యం కాదన్నదీ వాస్తవమే. అయితే అటువంటి చోట విడుదల చేసే యంత్రాంగమే పద్దును తెరిచి, వివరాలను తనంతట తాను నింపే ఏర్పాటు చేసుకోవచ్చు. మనిషి చేయవలసినది తీర్పు చెప్పడమే.

పద్దు తెరిచినంత మాత్రాన పొరపాట్లన్నీ తొలగిపోవు. క్రౌడ్‌స్ట్రయిక్ ఉదంతంలో తప్పును పట్టుకోవలసిన తనిఖీ ప్రోగ్రాములోనే లోపం ఉన్నది. అయినా ఎనిమిదవ సర్వరు మిగిలిపోయిందని చెప్పగలిగేది జాబితా ఒక్కటే. విడుదలలో లోపం జరిగితే నష్టపోయేది ప్రోగ్రాము రాసినవారు మాత్రమే కాదు. చెల్లింపు ఆగి దుకాణం ముందు నిలబడినవారూ, విమానం అందుకోలేనివారూ నష్టపోతారు. వారి పట్ల జవాబుదారీ ఎవరో తెలియాలంటే ఆ పేరు ముందుగానే ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.