విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ: చంద్రగిరి ప్రాంత విద్యార్థులు చేరేముందు పరిశీలించవలసిన అంశాలు

వ్యాససంగ్రహం

చంద్రగిరిలో ఇంట్లోనే ఉండి విదేశీ విశ్వవిద్యాలయ పట్టా పొందే అవకాశం నేడు ఉంది. అయితే ఆ పట్టా ఎక్కడ చెల్లుతుందో, దానికయ్యే వ్యయమెంతో తెలియకుండా చేరితే డబ్బూ కాలమూ రెండూ వృథా అవుతాయి. చేరదలచిన విద్యార్థి, అతనికి సలహా ఇచ్చే అధ్యాపకుడు ముందుగా పరిశీలించవలసిన ఆచరణాత్మక అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఆన్‌లైన్ విద్య, విదేశీ పట్టా, గుర్తింపు, తుల్యత, వీసా, చంద్రగిరి.

1. ప్రవేశిక

దూరవిద్య తెలుగువారికి కొత్త కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడింది. నేడది డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. విదేశాలలో ఈ పద్ధతి మరింత పాతది. తన కళాశాలల్లో చదవనివారు కూడా పరీక్షలు రాసి పట్టా పొందే వీలును లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే కల్పించింది. అమెరికాలోని జార్జియా టెక్ 2014లో కంప్యూటర్ సైన్సులో పూర్తి ఆన్‌లైన్ మాస్టర్స్ డిగ్రీని ప్రారంభించింది.

చంద్రగిరికి సమీపంలోని తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (1983) ఉన్నాయి. అయినా ఉద్యోగం మానలేనివారిని, కుటుంబ బాధ్యతల వల్ల ఊరు దాటలేనివారిని విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ ఆకర్షిస్తున్నది. ఈ ఆకర్షణ తప్పు కాదు. పట్టా ప్రయోజనాన్ని ముందుగా నిర్ణయించుకోకపోవడమే అసలు సమస్య.

2. గుర్తింపు, తుల్యత

అధ్యాపకులు విద్యార్థిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ పట్టాను ఎక్కడ చూపించబోతున్నారు? ప్రైవేటు సంస్థలో నైపుణ్యమే ప్రధానమైతే ఒక లెక్క. ప్రభుత్వోద్యోగం, అధ్యాపక పదవి, పై చదువు లక్ష్యమైతే లెక్క వేరు.

గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ పట్టాలు సంప్రదాయ పట్టాలతో సమానమని యు.జి.సి. 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఇది యు.జి.సి. గుర్తింపు గల భారతీయ సంస్థలకు వర్తించే నియమం. దీనినే విదేశీ పట్టాలకూ అన్వయించుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీలకు గుర్తింపు లేదని యు.జి.సి. 2023 డిసెంబరులో హెచ్చరించింది. 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన విదేశీ అర్హతల తుల్యతా నిబంధనలు కూడా ఫ్రాంచైజీ ఒప్పందాల ద్వారా వచ్చే పట్టాలను గుర్తించవు.

పరిశోధకులకు సంబంధించిన అంశం మరింత కీలకం. విదేశీ సంస్థల పేరుతో ప్రకటించే ఆన్‌లైన్ పీహెచ్.డి.ల వలలో పడవద్దని యు.జి.సి., ఏ.ఐ.సి.టి.ఇ. 2022 అక్టోబరులో ఉమ్మడిగా హెచ్చరించాయి. ఏళ్లతరబడి శ్రమించి రాసిన సిద్ధాంత గ్రంథం నియామక సమయంలో పరిగణనకే రాకపోతే ఆ నష్టాన్ని పూడ్చడం ఎవరి తరమూ కాదు. అందువల్ల తుల్యత విషయాన్ని ప్రకటనల ఆధారంగా కాక, సంబంధిత సంస్థ నుంచి లిఖితపూర్వకంగా నిర్ధారించుకోవాలి. వైద్యం, న్యాయం, ఫార్మసీ వంటి వృత్తులలో ఆయా మండళ్ల అనుమతి అదనంగా అవసరం.

3. వీసాపై అపోహ

విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ విదేశానికి తలుపు తెరుస్తుందన్న నమ్మకం సరికాదు. పూర్తిగా ఆన్‌లైన్‌లో సాగే చదువుకు అమెరికా ఎఫ్-1 వీసా ఇవ్వదు. కాబట్టి ఆ వీసాతో ముడిపడిన ఓ.పి.టి. ఉపాధి అవకాశమూ ఉండదు. బ్రిటన్‌లో కూడా దూరవిద్యకు విద్యార్థి వీసా లభించదు. విదేశంలో స్థిరపడాలనుకొనేవారికి ఇది నిర్ణయాత్మకమైన అంశం.

4. వ్యయం

ప్రకటించిన రుసుము ఒక్కటే వ్యయం కాదు. పరీక్షా రుసుము, పుస్తకాలు, మారక వ్యత్యాసం కలుస్తాయి. విడతలుగా చెల్లించేవారికి రూపాయి విలువ తగ్గితే చివరి విడత మొదటిదానికంటే భారమవుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపే మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగంపై బ్యాంకు టి.సి.ఎస్. వసూలు చేయవచ్చు. దీనిని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. విదేశీ విద్యారుణ పథకాలలో అనేకం పూర్తికాలపు తరగతి చదువుకు ఉద్దేశించినవి. కనుక రుణం మంజూరైన తరువాతే ప్రవేశ రుసుము చెల్లించడం మంచిది.

5. పత్రాలు, కాలమానం

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పదోతరగతి ధ్రువపత్రంలో అది పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిపేరుగా కనిపించడం సాధారణం. పరీక్షకు ముందు కెమెరా ఎదుట గుర్తింపు కార్డు చూపించవలసిన చోట ఈ తేడా చిక్కు తెస్తుంది. దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టులోని పేరును ప్రమాణంగా తీసుకోవాలి. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఫలితం సాధారణంగా రెండేళ్లే చెల్లుతుందనీ గుర్తుంచుకోవాలి.

న్యూయార్క్‌లో సాయంత్రం 6 గంటల ప్రత్యక్ష తరగతి చంద్రగిరిలో వేసవిలో తెల్లవారుజామున 3.30కు, శీతకాలంలో 4.30కు మొదలవుతుంది. లండన్‌లో అదే సమయం ఇక్కడ రాత్రి 10.30 లేదా 11.30. ఉదయం ఉద్యోగానికి వెళ్లేవారు రికార్డు చేసిన పాఠాలకు హాజరు లభిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి. పరీక్ష మధ్యలో కరెంటు పోతే విశ్వవిద్యాలయం ఏ నియమం పాటిస్తుందో కూడా అడగాలి.

6. ముగింపు

విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ జ్ఞానాన్ని ఇవ్వగలదు. ఆ జ్ఞానానికి ఇక్కడ అధికారిక గుర్తింపు లభిస్తుందా అన్నది వేరే ప్రశ్న. లక్ష్యం, గుర్తింపు, వీసా, వ్యయం, పత్రాలు అన్న వరుసలో పరిశీలన సాగాలి. మొదటి రెండింటికి సంతృప్తికరమైన సమాధానం దొరకనప్పుడు తక్కిన మూడింటి కోసం శ్రమించడం వ్యర్థం. కుటుంబంలో తొలిసారి డిగ్రీ స్థాయికి వచ్చిన విద్యార్థికి ఈ ప్రశ్నలు అడిగేవారు ఇంట్లో ఉండకపోవచ్చు. ఆ బాధ్యతను కళాశాల అధ్యాపకులే స్వీకరించాలి.