కొండబండపై తొలి పచ్చదనము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ప్రయాణము చేయు సోదరీమణులకు మొదట కానవచ్చునవి బండగుట్టలు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న యా గుండ్లను జూచి, ఇచ్చట నేమి మొలచునని నిట్టూర్చుట సహజమే. కాని దగ్గఱకు బోయి చూచినచో, గద్వాల మగ్గముపై చీరవలెనే, ఆ రాతిమీదను పోగు వెంబడి పోగుగా పచ్చదనము నేయబడుచున్నదని తెలియగలదు.

ఈ ప్రాంతపు గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల యేండ్లనాటివి. గద్వాల ప్రాంతమున వాని నడుమ నల్లని, పచ్చని రాళ్లపట్టీ యొకటి కలదు. పూర్వము అగ్నిపర్వతములు గ్రక్కిన లావా గట్టిపడి, భూగర్భమందలి వేడిమికిని ఒత్తిడికిని మాఱి యా శిలలైనవి. నేడిచ్చట నిప్పుకొండలు లేవు. అయినను వట్టిరాతిపై మొక్క నిలద్రొక్కుకొను తీరు నిప్పుకొండ వాలునందును, మన గుట్టమీదను ఇంచుమించు నొక్కటియే.

రాతిపై మొదట కాపుర ముండునది శిలావల్కము. మసాలాలో వేయు రాతిపువ్వు మన కందఱకు తెలిసినదే కదా! అదియు నీ కులములోనిదే. ఇది యొక్క ప్రాణి గాదు. ఒక శిలీంధ్రమును, ఒక సూక్ష్మమైన పచ్చని నాచును కలిసి చేయు సంసారము. ఈ సంగతిని 1867లో ష్వెండెనర్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. శిలీంధ్రము తడిని నిలిపి నీడనిచ్చును. నాచు సూర్యకాంతితో నాహారము వండును. శిలావల్కము స్రవించు ఆమ్లములు రాతిని మెల్లమెల్లగా కొఱుకును. కొన్ని జాతులు ఏడాదికి ఒక మిల్లీమీటరైనను పెరుగవు.

అట్లు రాలిన పొడి, గాలి తెచ్చిన దుమ్ము పగుళ్లలో చేరగా, పాచి పట్టును. ఇది వేసవిలో నెండి చచ్చినట్లుండి, తొలకరి చినుకు పడగనే పచ్చబడును. పాచి కుళ్లి మన్నగును. ఆ మన్నున గడ్డి వేళ్లూనును. పిమ్మట వెంపలి వచ్చును. దాని వేళ్ల బుడిపెలలో నుండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు సత్తువ నిచ్చును. తంగేడు, గునుగు, సీతాఫలము వెనువెంట వచ్చును. బతుకమ్మకు మనము పేర్చు పూలలో ముఖ్యమైన తంగేడును, గునుగును ఇట్టి బీడునేలల బిడ్డలే! పక్షుల రెట్టతో వచ్చిన రావి, మఱ్ఱి గింజలు రాతి నెఱ్ఱెలలో మొలకెత్తును.

పరదేశపు దృష్టాంత మొకటి వినుడు. 1883లో జావా సమీపమున క్రాకటోవా ద్వీపము పేలి, బూడిదతో కప్పబడెను. మూడేండ్లకు, 1886లో, ట్రూబ్ అను డచ్చి వృక్షశాస్త్రజ్ఞు డచటికి బోయి చూడగా, బూడిదపై నాచుపొరయు, దానిపై ఫెరను మొక్కలును కనబడెను. నేడచ్చట అడవి కలదు.

రాయి మన్నగుటకు తరములు పట్టును. ఆ మన్ను కొట్టుకొనిపోవుటకు ఒక్క వాన చాలును. ఎండుగడ్డికి నిప్పు పెట్టినచో తొలిమన్నును బట్టియుంచు వేళ్లు కాలిపోవును. రాతిగనికై గుట్టను పగులగొట్టినచో దానిమీది శ్రమ యంతయు నొక్కనాట ముగియును. పచ్చని గుట్ట వానను నిలిపి మెల్లగా నేలలోని కింకించును. బోడిగుట్ట దానిని వాగుపాలు చేయును. క్రింది యూరి బావిలో నీరు తగ్గినపుడు బిందె పట్టుకొని దూరము నడువవలసినది స్త్రీయే. కావున గుట్టపచ్చదనము మన యింటి సంగతియే యని మా విన్నపము.

పిల్లలను వానకాలమున గుట్టకడకు గొనిపోయి యీ చిత్రమును చూపుడు. బతుకమ్మకు తంగేడు కోయునపుడు కొమ్మల చివరలే త్రుంచి, మొక్కను పెకలింపకుడు. ఇంటిలో నడుగు తల్లి మాటకు ఊరిలోను విలువ కలుగును. గుట్టకు నిప్పు పెట్టవలదని చెప్పుటకు వెనుదీయకుడు.