పాత మోటార్ సైకిల్ నేర్పిన పాఠం: కొలిచాకే కొనాలి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మిత్రులు అడిగారు. చదువుల గురించి, పోటీ పరీక్షల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మోటార్ సైకిల్ రిపేరు గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి. పదో తరగతి ఫిజిక్సులో నేను బట్టీ పట్టిన ఒక పాఠం నలభై ఏళ్ళు దాటాక, అమెరికాలో ఒక పాత బండి పక్కన నేల మీద కూర్చున్నప్పుడే నాకు నిజంగా అర్థమైంది.

ఆ బండి 1994 మోడల్ హార్లీ డేవిడ్‌సన్. ఇక్కడ షాపులో మెకానిక్ కూలీ గంటకు వంద డాలర్లు దాటుతుంది. అందుకని మాన్యువల్ పుస్తకం కొనుక్కుని, నా బండి నేనే బాగుచేసుకోవడం మొదలుపెట్టాను.

ఇంజన్ సంగతి

మన బుల్లెట్‌కు ఒకటే సిలిండర్. దీనికి రెండు. ఇంగ్లీషు ‘వి’ అక్షరంలాగా 45 డిగ్రీల కోణంలో నిలబడి ఉంటాయి. రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్ పిన్ను మీద తిరుగుతాయి. ఒక సిలిండర్ పేలాక క్రాంకు 315 డిగ్రీలు తిరిగితే రెండోది పేలుతుంది. ఆ తర్వాత 405 డిగ్రీలు తిరిగితేగానీ మళ్ళీ మొదటిది పేలదు. రెండూ కలిపితే 720 డిగ్రీలు, అంటే సరిగ్గా రెండు చుట్లు. ఈ ఎక్కువ తక్కువల వల్లనే ఆ బండికి కుంటుతూ పరిగెత్తే గుర్రంలాంటి శబ్దం వస్తుంది.

దీనివల్ల రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, అదురు ఎక్కువ. నట్లు, బోల్టులు, వైర్ల ప్లగ్గులు మెల్లగా వదులవుతాయి. రెండు, వెనుక సిలిండర్ ముందుదాని చాటున ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ, వేడి ఎక్కువ. ట్రాఫిక్‌లో ఇంజన్ ఆన్‌లో పెట్టి చాలాసేపు నిలబెట్టకూడదు.

1984 మోడళ్ళతో వచ్చిన ఈ 1340 సీసీ ఇంజన్‌ను ఎవల్యూషన్ అంటారు. అంతకుముందు పోత ఇనుముతో చేసిన సిలిండర్లను ఇందులో అల్యూమినియంతో చేశారు. 1999 మోడళ్ళ నుంచి దీని స్థానంలో కొత్త ఇంజన్ రావడం మొదలైంది. దీనిలో వాల్వుల సందును మనం సర్దనక్కరలేదు. హైడ్రాలిక్ లిఫ్టర్లు ఆయిల్ ఒత్తిడితో వాటంతట అవే సర్దుకుంటాయి. అంటే ఆయిల్ బాగుంటేనే ఇంజన్ బాగుంటుంది.

ఆయిల్ చూసే పద్ధతి

ఇంజన్‌కు ఒక ఆయిల్, ప్రైమరీ చైన్‌కు ఒకటి, గేర్‌బాక్సుకు ఒకటి. మూడూ వేరు వేరు, మూడూ మార్చాలి. ఇంజన్ ఆయిల్ ఇంజన్ అడుగున కాకుండా విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. బండిని చాలా రోజులు కదపకపోతే ట్యాంకులోని ఆయిల్ మెల్లగా ఇంజన్‌లోకి దిగిపోతుంది. అప్పుడు ట్యాంకులో చూస్తే తక్కువగా కనిపిస్తుంది. తెలియనివాడు వెంటనే మరో లీటరు పోస్తాడు. స్టార్ట్ చేయగానే పంపు లోపలి ఆయిల్‌ను ట్యాంకులోకి తోడుతుంది, పట్టక బ్రీదర్ గొట్టం గుండా బయటకు కక్కుతుంది. నేనూ మొదటిసారి ఇదే చేశాను. అందుకని కొంత దూరం నడిపి, ఇంజన్ వేడెక్కాకే ఆయిల్ ఎంతుందో చూడాలి.

పానాలు

మన దేశంలో పానాలు మిల్లీమీటర్లలో ఉంటాయి. ఈ బండికి అంగుళాల పానాలు కావాలి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా ఇంచుమించు పట్టినట్టే ఉంటుంది గాని, గట్టిగా తిప్పితే బోల్టు తల అరిగి గుండ్రమవుతుంది. అల్యూమినియంలో బిగించే బోల్టులను టార్క్ పానాతో, పుస్తకంలో చెప్పినంతే బిగించాలి. బలం చూపిస్తే మరలు పోతాయి.

కార్బ్యురేటర్

పాత బండ్లు నడిచి పాడైన దానికంటే నిలబడి పాడైందే ఎక్కువ. నెలల తరబడి ఉంచిన పెట్రోలు జిగురుగా మారి, కార్బ్యురేటర్‌లోని సన్నని పైలట్ జెట్‌ను మూసేస్తుంది. చోక్ లాగితేనే స్టార్ట్ కావడం, ఐడ్లింగ్‌లో ఆగిపోవడం, యాక్సిలరేటర్ ఇస్తే మాత్రం బాగానే పోవడం దీని లక్షణాలు. జెట్ విప్పి క్లీనర్‌తో కడగాలి. సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది.

అసలు పాఠం

ఇక నన్ను బాగా తిప్పలు పెట్టిన విషయానికి వస్తాను. ఒకరోజు ఇంటికి అరవై మైళ్ళ దూరంలో, చీకటి పడే వేళ హెడ్‌లైట్ పసుపు పచ్చగా మారింది. కాసేపటికి బండి ఆగిపోయింది. పెద్ద పెద్ద లారీలు పోయే రోడ్డు పక్కన లైటు లేకుండా నిలబడ్డాను. ఆ భయం ఇంకా గుర్తుంది.

కొత్త బ్యాటరీ కొన్నాను. రెండు వారాలకు మళ్ళీ అదే కథ. ఎవరో చెబితే రెగ్యులేటర్ మార్చాను. ఏమీ తేడా లేదు. రెండో బ్యాటరీ కూడా కొన్నాను. అప్పటిగ్గాని ఇరవై డాలర్ల మల్టీమీటర్ కొనాలని తోచలేదు.

ఇంజన్ ఆపి కొలిస్తే బ్యాటరీ 12.7 వోల్టులు చూపింది. అది నిండుగా ఉన్నట్టే. ఇంజన్ ఆన్ చేసి వేగం పెంచితే సుమారు 14 వోల్టులు రావాలి. నాకు 12.3 వచ్చి ఇంకా తగ్గుతోంది. అంటే బ్యాటరీ తప్పు కాదు, దానికి కరెంటు అందడం లేదు.

కరెంటు తయారయ్యేది ఇంజన్ లోపలి స్టేటర్‌లో. దాని వైర్లు ఇంజన్ నుంచి బయటకు వచ్చే చోట ఒక ప్లగ్గు ఉంటుంది. దాన్ని ఊడదీసి స్టేటర్ పిన్నుకూ ఇంజన్ బాడీకీ మధ్య చూశాను. కలవకూడదు, కలవలేదు. ఇంజన్ నడుస్తుండగా రెండు పిన్నుల మధ్య ఏసీ వోల్టేజి చూశాను. వేగంతో పాటు పెరిగింది. స్టేటర్ మంచిదే, రెగ్యులేటర్ కొత్తదే. ఇక మిగిలింది ఆ ప్లగ్గు ఒక్కటే. పరీక్షగా చూస్తే పిన్ను నల్లగా కాలి, ఆయిల్ పట్టి, అదురుకు వదులై ఉంది.

ఇక్కడే ఓమ్ నియమం గుర్తొచ్చింది. ఉదాహరణకు వదులైన చోట 0.1 ఓమ్ నిరోధం ఉందనుకోండి. 20 ఆంపియర్ల కరెంటు పోతే 2 వోల్టులు అక్కడే పోతాయి. 40 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. పిన్ను కాలక ఏమవుతుంది? పరీక్షలో ఈ లెక్కకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. కానీ మా బడిలో వోల్టుమీటరు బీరువాలో తాళం వేసి ఉండేది. చేత్తో ముట్టుకున్నది లేదు.

పిన్ను శుభ్రం చేసి, ప్లగ్గు బిగించి, మళ్ళీ కదలకుండా కట్టాను. 14.3 వోల్టులు వచ్చింది. ఖర్చు ఒక గుడ్డ పేలిక, ఒక డబ్బా క్లీనర్.

బ్రేకులు, టైర్లు

ప్రాణం మీదకు వచ్చేవి ఇవే. ఆ కాలపు హార్లీలలో డాట్ 5 అనే సిలికాన్ బ్రేక్ ఫ్లూయిడ్ వాడేవారు. మన బండ్లలో మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 దానితో కలవవు. మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి. టైరు మీద డాట్ అక్షరాల వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 1409 అని ఉంటే 2009లో 14వ వారం తయారైందని అర్థం. గాళ్ళు లోతుగా ఉన్నా పక్కన పగుళ్ళుంటే ఆ టైరు పనికిరాదు.

చివరిగా ఒక మాట

మా నాయన ఆసామి పొలంలో ఆయిల్ ఇంజన్ నడిపేవాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. ‘‘ముందు చెవి పెట్టి విను, తర్వాత పానా పట్టు’’ అనేవాడు. నాకు చదువొచ్చింది గాని ఆ ఓపిక రాలేదు. అందుకే రెండు బ్యాటరీల డబ్బు పోయింది. ఇప్పటికీ ఫోన్‌లో మా అమ్మ అడుగుతుంది, ‘‘ఇంత చదివి మళ్ళీ మసి చేతులేనా నాయనా’’ అని. ఆమె బాధ నాకు తెలుసు. ఆ మసి నుంచి తప్పించాలనే నన్ను హాస్టల్లో చేర్చింది. కానీ అమ్మా, అప్పటి మసి ఆసామి పనికి అంటింది, ఇప్పటిది నాకు అర్థమైన పనికి అంటింది అని చెబుతాను.

తమ్ముళ్ళూ, ఐటీఐకి పోయినా, ఇంజనీరింగుకు పోయినా పాఠం చదివిన రోజే ఆ పరికరాన్ని చేత్తో పట్టుకోండి. బీరువా తాళం తీయమని సారును అడగండి. మీ బండి హార్లీ అయినా, పాత మోపెడ్ అయినా పద్ధతి ఒకటే. వినండి, చూడండి, కొలవండి. ఆ తర్వాతే విప్పండి, ఆ తర్వాతే కొనండి.